పక్క స్థలంలో తవ్వితే మన ఇంటి గోడ ఎందుకు పగులుతుంది?

2024 జనవరి 22న పుదుచ్చేరిలోని ఆట్టుపట్టి ప్రాంతంలో మూడంతస్తుల కొత్త ఇల్లు ఒకటి పక్కకు ఒరిగి కూలిపోయింది. అప్పటికి గృహప్రవేశం కాలేదు. లోపల ఎవరూ కాపురం లేరు కాబట్టి ప్రాణనష్టం తప్పింది. ఆ ఇంటి పక్కనే ఉన్న కాలువకు గోడ కట్టేందుకు ఆ రోజుల్లో మట్టి తవ్వుతున్నారు. ఆ తవ్వకం వల్లే ఇల్లు పడిపోయిందని చుట్టుపక్కలవాళ్ళు చెప్పారు.

అదే ఏడాది నవంబర్ 19 రాత్రి హైదరాబాద్‌లో గచ్చిబౌలి పరిధిలోని సిద్ధిఖ్‌నగర్‌లో ఒక ఐదంతస్తుల భవనం ఉన్నట్టుండి ఒక పక్కకు వాలింది. పక్క స్థలంలో కొత్త ఇంటి పునాదుల కోసం గుంతలు తీసి ఉన్నాయి. నివాసులు కట్టుబట్టలతో బయటికి వచ్చేశారు. మర్నాడు నగరపాలక సిబ్బంది ఆ భవనాన్ని యంత్రాలతో కూల్చివేశారు.

రెండు చోట్లా ఇంటి గోడను ఎవరూ ముట్టుకోలేదు. పలుగు పడింది పక్క మట్టి మీద. అయినా ఇల్లు కదిలింది. పక్కింటివాళ్ళు సెల్లార్ తవ్వుతున్నా, బోరు వేస్తున్నా, పాత ఇల్లు పడగొడుతున్నా మనలో చాలామందికి వచ్చే అనుమానం ఇదే: వాళ్ళ స్థలంలో వాళ్ళు చేసుకునే పనికి మన ఇల్లు ఎందుకు దెబ్బతింటుంది? దెబ్బతింటే ఎలా తెలుస్తుంది? జవాబు మట్టి భౌతికశాస్త్రంలో ఉంది.

పునాది సరిహద్దు రాయి దగ్గర ఆగదు

ఇంటి బరువు గోడల నుంచి, పిల్లర్ల నుంచి పునాదికి చేరుతుంది. అక్కడి నుంచి మట్టిలోకి దిగుతుంది. దిగేకొద్దీ పక్కలకు కూడా విస్తరిస్తుంది. ఒకటిన్నర మీటర్ల వెడల్పున్న పునాది దిమ్మె ఒత్తిడి దాదాపు మూడు మీటర్ల లోతు వరకు లెక్కలోకి వచ్చేంతగా ఉంటుంది. సరిహద్దును ఆనుకుని కట్టిన ఇంటి విషయంలో ఆ ఒత్తిడిలో కొంత పక్కవాళ్ళ స్థలం కిందికి చేరుతుంది.

నిండుగా కుట్టిన బియ్యం బస్తా మీద నిలబడండి. బస్తా మనల్ని మోస్తుంది. గింజలు పక్కలకు జరగాలని చూస్తాయి, గోనె వాటిని పట్టి ఉంచుతుంది. ఇప్పుడు బస్తాకు ఒక పక్క కోత పెడితే గింజలు అటు జారతాయి, నిలబడ్డవాళ్ళూ అటే ఒరుగుతారు. ఇంటి కింద మట్టి ఆ గింజల్లాంటిది. చుట్టూ ఉన్న మట్టి గోనెలాంటిది. పక్క స్థలంలో గుంత తీయడమంటే గోనెకు ఒక పక్క కోత పెట్టడమే.

ఆ జారుడుకు మొదట లెక్క కట్టినవాడు కూలంబ్. విద్యుదావేశాల సూత్రంతో మనకు బడిలోనే పరిచయమైన ఆ ఫ్రెంచి శాస్త్రవేత్త వృత్తిరీత్యా సైనిక ఇంజనీరు. కరీబియన్ సముద్రంలోని మార్టినీక్ దీవిలో కోట కట్టే పనిలో చాలా ఏళ్ళు గడిపాడు. మట్టిని ఆపే గోడ ఎంత మందం ఉండాలన్న ప్రశ్న అక్కడ ఆయనకు నిత్యం ఎదురయ్యేది. 1773లో పారిస్ సైన్స్ అకాడమీకి సమర్పించిన పత్రంలో ఆయన చెప్పిన మాట ఇది: ఆధారం తీసేస్తే వెనకున్న మట్టి అంతా కదలదు, మేకు ఆకారంలో ఒక ముక్క విడివడి ఏటవాలు తలం మీద జారుతుంది.

మామూలు ఇసుక నేలలో ఆ తలం అడ్డంగా ఉన్న నేలతో సుమారు 60 డిగ్రీల కోణం చేస్తుంది. అంటే మూడు మీటర్ల లోతు గుంత తీస్తే దాని అంచు నుంచి వెనక్కి దాదాపు 1.7 మీటర్ల మేర నేల జారిపోయే ముక్కలో భాగం. ఆ 1.7 మీటర్లలో మీ గోడ ఉంటే ఆ గోడ కూడా ఆ ముక్క మీదే నిలబడి ఉన్నట్టు.

లోతు పెరిగితే ప్రమాదం అదే నిష్పత్తిలో పెరగదు. ఘనమీటరుకు 1.8 టన్నుల బరువుండే పొడి ఇసుక నేలను తీసుకుందాం. మూడు మీటర్ల గుంత పక్కగోడ మీద ప్రతి మీటరు పొడవుకూ మట్టి తోపుడు సుమారు 2.7 టన్నులు. గుంత లోతు రెట్టింపై ఆరు మీటర్లయితే ఆ తోపుడు 10.8 టన్నులవుతుంది. రెట్టింపు లోతుకు నాలుగు రెట్ల బలం. పైన ఇల్లు ఉంటే దాని బరువు దీనికి అదనం. ఒక అంతస్తు సెల్లార్‌కు సరిపోయిన ఏర్పాటు రెండు అంతస్తుల సెల్లార్‌కు ఏమాత్రం చాలకపోవడానికి కారణం ఇదే.

2009 జూన్ 27న చైనాలోని షాంఘైలో కడుతున్న 13 అంతస్తుల భవనం చెట్టు కూలినట్టు వెల్లకిలా పడింది. ఒక పక్క భూగర్భ గ్యారేజీ కోసం 4.6 మీటర్ల లోతు తవ్వారు. తీసిన మట్టిని రెండో పక్క దాదాపు 10 మీటర్ల ఎత్తు గుట్టగా పోశారు. ఒక వైపు ఆధారం పోయింది, మరో వైపు నుంచి తోపుడు పెరిగింది. భవనం పైభాగం పెద్దగా చెక్కుచెదరకుండానే పడింది, కింద పైల్స్ మాత్రం విరిగాయి. ఒక కార్మికుడు చనిపోయాడు.

ఇదే సూత్రాన్ని మేలుకు కూడా వాడారు. ఇటలీలోని పీసా గోపురం మరీ వాలిపోతుంటే, వాలిన వైపుకు ఎదురుగా ఉన్న ఉత్తరం వైపు పునాది కింది నుంచి మట్టిని కొద్దికొద్దిగా తీశారు. 1999 నుంచి 2001 వరకు సాగిన ఆ పనితో గోపురం దాదాపు అర డిగ్రీ వెనక్కి వచ్చింది. మట్టి ఎటు తీస్తే కట్టడం అటు వాలుతుంది. పీసాలో అది కొలిచి, ఆగి, మళ్ళీ కొలిచి చేసిన పని. జేసీబీతో ఒక్క పూటలో చేసే పని అలాంటిది కాదు.

పొద్దున నిలబడిన గుంత సాయంత్రం ఎందుకు కూలుతుంది?

తవ్వే చోట తరచుగా వినిపించే మాట ఒకటుంది: "చూడండి, నిట్టనిలువుగా తవ్వాం, మట్టి కదిలిందా? ఇక్కడి నేల గట్టిది." ఈ మాటను నమ్మేముందు ఒకసారి పుదుచ్చేరి బీచ్‌లో పిల్లలు కట్టే ఇసుక గూళ్ళను గుర్తు చేసుకోండి. తడి ఇసుక నిలువు గోడలా నిలుస్తుంది. ఎండితే రాలుతుంది. అల వచ్చి పూర్తిగా నానితే కుప్పకూలుతుంది.

రేణువుల మధ్య కొద్దిపాటి నీరు ఉన్నప్పుడు ఆ నీటి తలతన్యత రేణువులను దగ్గరికి లాగి పట్టుకుంటుంది. ఈ పట్టు తాత్కాలికం. నీరు ఆవిరైనా పోతుంది, ఖాళీలు నీటితో నిండినా పోతుంది. కాబట్టి గుంత ఒక రోజు నిలిచిందంటే రేపు కూడా నిలుస్తుందని అర్థం కాదు.

పుదుచ్చేరికి ఎక్కువ వాన అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు వచ్చే ఈశాన్య రుతుపవనాల్లో కురుస్తుంది. 2024లో ఫెంగల్ తుపాను తీరం దాటినప్పుడు ఒక్క రోజులో 45 సెంటీమీటర్లకు పైగా పడింది. అలాంటి వానలో గుంత తెరిచి ఉంటే ఏమవుతుందో మన లెక్కలోనే చూడవచ్చు. గోడ వెనక నేల పైదాకా నీటితో నిండితే ఆ మూడు మీటర్ల గుంత మీద తోపుడు 2.7 టన్నుల నుంచి సుమారు 6 టన్నులకు చేరుతుంది. అందులో 4.5 టన్నులు నీటి ఒత్తిడిదే.

నీళ్ళు తోడితే నేల ఎందుకు కుంగుతుంది?

సముద్రానికి దగ్గరగా ఉన్న వీధుల్లో భూగర్భజలం ఎక్కువ లోతులో ఉండదు. సెల్లార్ తవ్వేవాళ్ళు మోటారు పెట్టి రాత్రింబవళ్ళు నీరు తోడాల్సి వస్తుంది. నీటి మట్టం వాళ్ళ గుంతలో మాత్రమే తగ్గదు, చుట్టుపక్కల కూడా తగ్గుతుంది.

మట్టి మోసే బరువులో కొంత రేణువులు మోస్తాయి, కొంత వాటి మధ్య నీటి ఒత్తిడి పంచుకుంటుంది. మృత్తికా యాంత్రికశాస్త్రానికి పునాది వేసిన కార్ల్ టెర్జాగీ చెప్పిన కీలక సూత్రం ఇది. నీటి మట్టం ఒక మీటరు దిగితే రేణువుల మీద చదరపు మీటరుకు సుమారు ఒక టన్ను భారం అదనంగా పడుతుంది. మన దేశంలో ఇళ్ళ గదుల్లో మనుషులు, సామాన్ల కోసం ఇంజనీర్లు లెక్కలోకి తీసుకునే బరువు చదరపు మీటరుకు 200 కిలోలు. అంటే ఒక మీటరు నీరు దిగడం, అలాంటి ఐదు గదుల సామాను ఒకదాని మీద ఒకటి పేర్చినంత అదనపు బరువు.

ఇసుక నేల ఈ భారానికి వెంటనే స్పందిస్తుంది. బంకమట్టి అలా కాదు. అందులోని సన్నని రంధ్రాల గుండా నీరు బయటపడటానికి వారాలు, నెలలు, ఒక్కోసారి ఏళ్ళు పడుతుంది. పుదుచ్చేరిలో భాగమైన యానాం వంటి గోదావరి డెల్టా ఊళ్ళలో మెత్తటి బంకమట్టి ఎక్కువ. అలాంటి చోట పక్కింటి పని పూర్తయి, మేస్త్రీలు వెళ్ళిపోయాక కూడా గోడలో పగులు మొదలుకావచ్చు.

కంపనం: ఒంటికి తెలిసినంత మాత్రాన గోడకు దెబ్బ కాదు

పాత కట్టడాన్ని బ్రేకర్‌తో కొడుతున్నప్పుడు, పైల్స్ దింపుతున్నప్పుడు గిన్నెలు గలగలమంటాయి. భయపడటం సహజమే. అయితే మన శరీరం చాలా సున్నితమైన పరికరం. నేల సెకనుకు 0.3 మిల్లీమీటర్ల వేగంతో కదిలినా ఇంట్లో కూర్చున్నవాళ్ళకు తెలుస్తుంది. చాలా దేశాల ఇంజనీర్లు అనుసరించే జర్మన్ ప్రమాణం ప్రకారం తక్కువ పౌనఃపున్యపు కంపనాలకు మామూలు ఇళ్ళ పునాది దగ్గర హద్దు సెకనుకు 5 మిల్లీమీటర్లు. సున్నితమైన వారసత్వ కట్టడాలకు 3 మిల్లీమీటర్లు. అంటే దెబ్బతినే స్థాయికి చాలా ముందే మనకు వణుకు తెలుస్తుంది.

అలాగని కంపనాన్ని కొట్టిపారేయలేం. వదులుగా ఉన్న ఇసుకను కంపనం కుదించి దిగేలా చేస్తుంది. డబ్బాను తట్టితే బియ్యం కిందికి దిగినట్టే. పుదుచ్చేరి పాత వీధుల్లో సున్నం, ఇటుకతో కట్టి, ఒకే గోడను రెండిళ్ళు పంచుకునే కట్టడాలు చాలా ఉన్నాయి. వాటిలో ఒక ఇంటిని పడగొట్టినప్పుడు రెండో ఇంటి గోడ పక్క ఆధారాన్నీ, వాన నుంచి రక్షణనూ ఒకేసారి కోల్పోతుంది.

ఏ పగులు ఎవరిది?

ప్రతి పగులుకూ పక్కింటివాళ్ళే కారణం కారు. సిమెంటు ప్లాస్టరింగ్ ఆరినప్పుడు వెంట్రుకల్లాంటి సన్నని గీతలు వస్తాయి. డాబా ఎండకు వ్యాకోచించి స్లాబు, గోడ కలిసే చోట అడ్డగీత వస్తుంది. సముద్రపు ఉప్పుగాలికి లోపలి ఇనుప ఊచలు తుప్పు పట్టి ఉబ్బితే, పిల్లర్ల వెంబడి నిలువుగా, బీముల వెంబడి పొడవునా పగుళ్ళు వచ్చి కాంక్రీటు పెచ్చులూడుతుంది. వీటికి పక్క తవ్వకంతో సంబంధం లేదు.

నేల కదలడం వల్ల వచ్చే పగుళ్ళకు కొన్ని గుర్తులున్నాయి. అవి కిటికీల, తలుపుల మూలల నుంచి ఏటవాలుగా పోతాయి. ఇటుకల వరస వెంబడి మెట్లలా సాగుతాయి. గుంత ఉన్న వైపు ఇల్లు కుంగుతుంటే తరచుగా పైన వెడల్పుగా, కిందికి వచ్చేకొద్దీ సన్నగా ఉంటాయి. నిన్నటిదాకా సాఫీగా పడిన తలుపు ఇవాళ గడపకు రాసుకుంటుంది.

పగులు వెడల్పుకు కూడా అర్థం ఉంది. బ్రిటిష్ ఇంజనీరు జాన్ బర్లాండ్, ఆయన సహచరులు 1977లో ప్రతిపాదించిన వర్గీకరణను ఇప్పటికీ వాడుతున్నారు. ఒక మిల్లీమీటరు లోపు పగులు రంగులతో సరిపోయే చిన్న విషయం. 5 మిల్లీమీటర్ల వరకు స్వల్పం. 5 నుంచి 15 వరకు మధ్యస్థం, 15 నుంచి 25 వరకు తీవ్రం, ఆపైన అతి తీవ్రం. పీసా గోపురాన్ని నిలబెట్టిన బృందంలో కూడా బర్లాండ్ ఉన్నారు.

ఇల్లు మొత్తం సమానంగా కుంగితే పెద్దగా పగలదు. ఒక మూల ఎక్కువగా, మరో మూల తక్కువగా కుంగడమే గోడను చీలుస్తుంది. 1956లో స్కెంప్టన్, మెక్‌డొనాల్డ్ అనే ఇంజనీర్లు 98 భవనాలను పరిశీలించి ఒక హద్దు చెప్పారు. రెండు పిల్లర్ల మధ్య దూరంలో 300వ వంతు తేడా వస్తే గోడలు పగలడం మొదలవుతుంది. 150వ వంతు దాటితే పిల్లర్లు, బీములకే ముప్పు. మూడు మీటర్ల దూరంలో ఉన్న రెండు పిల్లర్లకు ఈ హద్దులు ఒక సెంటీమీటరు, రెండు సెంటీమీటర్లు.

తవ్వకానికి ముందే కొలవండి

ఇన్ని లెక్కల వెనక ఒక చేదు నిజం ఉంది. పగులు వచ్చాక "ఇది ముందు లేదు" అంటే "ముందు నుంచీ ఉంది" అని అవతలివాళ్ళు అంటారు. ముందు తీసిన కొలత లేకపోతే ఎంత గొప్ప నిపుణుడైనా ఈ తగాదా తీర్చలేడు. మొదటి పలుగు పడకముందు చేసిన గంట పనికి తర్వాత ఎంతో విలువ ఉంటుంది.

ఇందుకు ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. ఇంటి ప్రతి గోడనూ ఫోటో తీయండి. ఉన్న పగుళ్ళ పక్కన స్కేలు పెట్టి తీయండి. పగులు రెండు కొసల దగ్గర పెన్సిల్‌తో అడ్డగీత గీసి తేదీ రాయండి. గీత దాటి పగులు సాగితే అది బతికున్న పగులు. పగులుకు అటూ ఇటూ రెండు చుక్కలు పెట్టి వాటి మధ్య దూరాన్ని వారానికోసారి కొలవండి. ఎండకు గోడ వ్యాకోచిస్తుంది కాబట్టి ఎప్పుడూ ఒకే వేళకు కొలవాలి. పగులుకు అడ్డంగా సన్నని గాజు పట్టీని అతికించడం పాత పద్ధతే అయినా పనిచేస్తుంది. గోడ కదిలితే గాజు విరుగుతుంది.

మేస్త్రీలు వాడే నీటి గొట్టంతో నాలుగు మూలల్లో ఒకే మట్టానికి గుర్తులు పెట్టండి. ఒక మూల కుంగితే తర్వాత కొలిచినప్పుడు తేడా తెలుస్తుంది. ఈ గొట్టంతో కొద్ది మిల్లీమీటర్ల తేడాను పట్టుకోవచ్చు, మనకు ముప్పు హద్దేమో ఒక సెంటీమీటరు. గోడ నిటారుగా ఉందో లేదో తూకం గుండు చెబుతుంది. వీలైతే లైసెన్సు ఉన్న స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిచి, పక్కింటివాళ్ళ సమక్షంలో ఈ కొలతలు రాయించి ఇద్దరూ సంతకాలు పెట్టుకోండి. పాత పగుళ్ళకు తమను బాధ్యులను చేయరన్న భరోసా దొరుకుతుంది కాబట్టి ఇది వాళ్ళకూ రక్షణే.

పక్కింటివాళ్ళను అడగాల్సిన ప్రశ్నలు నాలుగు: ఎంత లోతు తవ్వుతున్నారు? మా గోడకు ఎంత దూరంలో? గుంత గోడను దేనితో ఆపుతున్నారు? నీరు తోడతారా? మన దేశ ప్రమాణాలు ఇక్కడ పనికొస్తాయి. ఐఎస్ 3764 ప్రకారం ఒకటిన్నర మీటరు లోతు దాటిన కందకాలకు మట్టి జారకుండా ఊతాలు ఉండాలి. తీసిన మట్టిని అంచు నుంచి ఒకటిన్నర మీటరు గానీ, లోతులో సగం గానీ, ఏది ఎక్కువైతే అంత దూరంలో పోయాలి. పునాదుల ప్రమాణమైన ఐఎస్ 1904 ప్రకారం పక్కపక్కన ఉన్న రెండు పునాదుల లోతుల్లో తేడా ఉంటే, ఆ తేడాకు కనీసం రెట్టింపు అడ్డ దూరం వాటి మధ్య ఉండాలి. మీ పునాది 1.5 మీటర్లలో, వాళ్ళది 3.5 మీటర్లలో ఉంటే నాలుగు మీటర్ల ఎడం కావాలి. గోడకు గోడ తగిలే వీధుల్లో అంత ఎడం దొరకదు. అప్పుడు షీట్ పైల్స్ గానీ, ముందే కట్టిన రిటైనింగ్ వాల్ గానీ, లేదా ఒకేసారి పొడవంతా తవ్వకుండా ముక్కలు ముక్కలుగా తవ్వి కట్టుకుంటూ పోవడం గానీ తప్పనిసరి.

చట్టానికి కూడా మట్టి సంగతి తెలుసు

భారత ఈజ్‌మెంట్స్ చట్టం 1882 నాటిది. సహజ స్థితిలో ఉన్న ప్రతి భూమికీ పక్క భూమి నుంచి సహజంగా అందే ఆధారాన్ని పొందే హక్కు ఉందని ఆ చట్టం చెబుతుంది. కూలంబ్ లెక్కకు ఇది చట్ట భాష అనుకోవచ్చు. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఈ హక్కు ఖాళీ నేలది. నేల మీద కట్టిన ఇంటి బరువుకు కూడా అదే ఆధారం హక్కుగా రావాలంటే, అది 20 ఏళ్ళు ఆటంకం లేకుండా శాంతియుతంగా అందుతూ ఉండాలి. కొత్త ఇల్లున్నవాళ్ళు ముందస్తు కొలతలను మరింత పట్టించుకోవాల్సింది ఇందుకే. ఎదుటివారి నిర్లక్ష్యం వల్ల నష్టం జరిగిందని చూపాల్సి వచ్చినప్పుడు ఆ కొలతలే ఆధారం.

పుదుచ్చేరిలో నిర్మాణ అనుమతులు చూసేది ప్లానింగ్ అథారిటీ. ఆమోదించిన ప్లానులో సెల్లార్ ఉందో లేదో అక్కడ తెలుసుకోవచ్చు, అనుమతికి మించి తవ్వుతుంటే ఫిర్యాదు ఇవ్వవచ్చు. మాటతో తేలకపోతే సివిల్ కోర్టులో తాత్కాలిక నిషేధం కోరవచ్చు, స్థలాన్ని పరిశీలించేందుకు కమిషనర్‌ను నియమించమని అడగవచ్చు. అక్కడ మీ వాదనకు బలం తేదీలతో ఉన్న ఫోటోలు, కొలతల పుస్తకమే.

కొన్ని గుర్తులు కనిపిస్తే మాత్రం కాగితాల కోసం ఆగకూడదు. పగులు గంటల వ్యవధిలో పెరుగుతున్నా, తలుపులు ఒక్కసారిగా బిగుసుకున్నా, నేలకూ గోడకూ మధ్య సందు పడినా, గుంత అంచు నుంచి మట్టి పెళ్ళలు రాలుతున్నా అందరూ వెంటనే బయటికి వచ్చేయాలి. గుంత లేని వైపు నుంచి రావాలి. 112కు ఫోన్ చేసి, తవ్వకం ఆపించి, ఇంజనీరును రప్పించాలి. చాలా సందర్భాల్లో ఇంజనీరు చేయించే మొదటి చికిత్స తీసిన మట్టిని, ఇసుక బస్తాలను తిరిగి గుంతలో నింపించడం. ఇంటిని పట్టి ఉంచింది ఆ మట్టే కాబట్టి.